పరీక్షలో మోగి, ఆపదలో మోగని గేటు ఫోను

ఇది నేను రైల్వే టెలికాం విభాగంలో సెక్షన్ ఇంజనీరుగా ఉన్నప్పటి కేసు. డివిజన్, స్టేషన్, గేటు నంబరు, మనుషుల వివరాలు అన్నీ తీసేశాను. దూరాలూ రోజుల లెక్కలూ కొంచెం అటూ ఇటూ చేశాను. ఫోను ఎందుకు పలకలేదు, ఆ సంగతి తెలుసుకోడానికి మాకు నాలుగు నెలలు ఎందుకు పట్టింది అన్నది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కొత్తగా పనిలో చేరే పిల్లలకు దీన్ని నోటితో చాలాసార్లు చెప్పాను. రాసిపెట్టమని అడిగింది కూడా వాళ్లే.

నేపథ్యం

లెవెల్ క్రాసింగ్ అనగానే మనలో చాలామందికి 2014 జూలై 24 గుర్తొస్తుంది. మెదక్ జిల్లా మాసాయిపేటలో స్కూలు బస్సును రైలు గుద్దిన రోజు. అక్కడ గేటూ లేదు, కాపలా మనిషీ లేడు. బ్రాడ్‌గేజ్ మీద అలాంటి కాపలా లేని క్రాసింగులన్నీ 2019 జనవరికల్లా పోయాయి. ఇప్పుడు మిగిలిన ప్రతి గేటు దగ్గరా ఒక గేట్‌మ్యాన్ ఉంటాడు, గుమ్టీలో, అంటే గేటు పక్కనుండే చిన్న గదిలో, ఒక ఫోను ఉంటుంది. ఆ ఫోను మీద ఎంత బరువుందో బయటివాళ్లకు తెలియదు.

గేట్లు రెండు రకాలు. ఇంటర్‌లాక్ ఉన్న గేటు మూసి తాళం పడితే గానీ రైలుకు సిగ్నల్ రాదు. అక్కడ మనిషి మర్చిపోయినా యంత్రం ఊరుకోదు. ఇంటర్‌లాక్ లేని గేటు దగ్గర అలాంటి కట్టుబాటు ఏదీ లేదు, మాటే కట్టుబాటు. రైలు రాబోతోందని స్టేషన్ మాస్టర్ ఫోను చేస్తాడు. గేట్‌మ్యాన్ గేటు మూసి, తాళం వేసి, ఒక ప్రైవేట్ నంబర్ చెబుతాడు. అంటే అచ్చు కాగితం మీద ఏ వరుసా లేకుండా ఉండే రెండంకెల సంఖ్యల్లో ఒకటి. చెప్పినదాన్ని కొట్టేసి, మళ్లీ వాడకూడదు. ఆ రెండంకెలు స్టేషన్ రిజిస్టర్‌లోకి ఎక్కితే గేటు మూసినట్టు లెక్క.

ఇక్కడ ఒక విషయం ముందే చెప్పాలి, కేసంతా దీని చుట్టూనే తిరుగుతుంది. రోజువారీ పనిలో స్టేషన్ పిలుస్తుంది, గేటు పలుకుతుంది. ఆపదలో గేటు పిలవాలి, స్టేషన్ పలకాలి. తీగ ఒకటే, పరికరాలు అవే, పిలుపు నడిచే దారి మాత్రం తిరగబడుతుంది. మొదటి దారి రోజుకు ఇరవైసార్లు తనంతట తానే పరీక్ష అవుతుంది. రెండో దారి అవసరం వచ్చేదాకా ఎవరికీ పట్టదు.

మా సెక్షన్ సింగిల్ లైను. స్టేషన్ దాటాక 1.8 కిలోమీటర్ల దగ్గర మొదటి గేటు, 4.6 దగ్గర మధ్య గేటు, 7.1 దగ్గర చివరి గేటు. మూడూ ఇంటర్‌లాక్ లేనివే. పట్టాల పక్కన పాతిన ఆరు క్వాడ్‌ల (క్వాడ్ అంటే నాలుగు తీగల కట్ట) కేబుల్‌లో ఒక్క జత తీగ మీద మూడు గేట్ల ఫోన్లూ, స్టేషన్ ఫోనూ వేలాడుతుండేవి. పాతకాలపు మాగ్నెటో ఫోన్లు. పక్కనున్న హ్యాండిల్ గిరగిరా తిప్పితే లోపలి చిన్న జనరేటర్ సుమారు 75 వోల్టుల కరెంటు పుట్టించి అవతలి గంట మోగిస్తుంది. మాట్లాడడానికి మాత్రం ఏ ఫోనులో ఉన్న బ్యాటరీ సెల్లులు ఆ ఫోనుకే. మొదటి గేటును పిలవాలంటే ఒక పొడుగు గంట, మధ్య గేటుకు రెండు, చివరి గేటుకు మూడు. గేటు నుంచి ఎవరు తిప్పినా లైను మీదున్న గంటలన్నీ మోగాలి.

ఆ రాత్రి

కోతల కాలం. రాత్రి ఎనిమిది దాటింది. మధ్య గేటులో కుర్ర గేట్‌మ్యాన్ గేటు మూసి, ప్రైవేట్ నంబర్ ఇచ్చి, పచ్చ దీపం పట్టుకుని బయట నిలబడ్డాడు. వడ్ల బస్తాల ట్రాక్టరు ఒకటి ఏటవాలు దిగుతూ ఆగలేకపోయింది. గేటు కమ్మీని విరగ్గొట్టుకుని పట్టాల మీదికి వచ్చింది. ముందు చక్రం పట్టాకూ, దాని పక్కనే ఉండే చెక్ రెయిలుకూ మధ్య సందులో దిగిపోయింది. డ్రైవరు దూకేశాడు. ట్రాలీ అడ్డంగా నిలిచిపోయింది.

గేట్‌మ్యాన్ గుమ్టీలోకి పరిగెత్తి హ్యాండిల్ తిప్పాడు. పలకలేదు. మళ్లీ తిప్పాడు. నాలుగుసార్లు తిప్పానని తర్వాత చెప్పాడు. అప్పటికే ప్యాసింజరు బండి స్టేషన్‌లో కదిలింది. స్టేషన్‌లో కదిలిన బండి ఆ గేటు చేరడానికి సుమారు 5 నిమిషాలు. అందులో దాదాపు 2 నిమిషాలు ఆ హ్యాండిల్ దగ్గరే పోయాయి.

బ్రాడ్‌గేజ్ మీద నియమం ఏమిటంటే, అడ్డంకికి 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటర్ (చక్రం ఎక్కగానే పేలి డ్రైవరును హెచ్చరించే టపాకాయ లాంటిది), 1200 మీటర్ల దగ్గర పది పది మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. చీకట్లో కంకర రాళ్ల మీద, చేతిలో ఎర్ర దీపంతో 1200 మీటర్లు పరిగెత్తడానికి ఎంతసేపు పడుతుందో పరిగెత్తి చూస్తే గానీ తెలియదు. అతను 600 మీటర్ల దాకా చేరగలిగాడు. ఒక డిటొనేటర్ పెట్టి, దీపం అటూ ఇటూ ఊపుతూ నిలబడ్డాడు. లోకో పైలట్ ఎర్ర దీపం చూశాడు, చక్రం కింద డిటొనేటర్ పేలింది, బండి ట్రాక్టరుకు ఇవతలే ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు.

మర్నాడు విచారణలో రెండు మాటలు ఎదురెదురుగా నిలిచాయి. “తిప్పాను సార్, పలకలేదు” అని గేట్‌మ్యాన్. “నా దగ్గర గంట మోగనే లేదు” అని స్టేషన్ మాస్టర్. గదిలో చాలామందికి ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారనిపించింది. అప్పటికింకా ఆ గేట్లకు వాయిస్ రికార్డర్లు లేవు. వినిపించడానికి ఏ సాక్ష్యమూ లేదు.

గేటు పుస్తకం తెప్పించి చూస్తే గత ఐదు నెలల్లో అదే ఫిర్యాదు ఏడుసార్లు ఉంది: “ఎస్‌ఎం గారు (స్టేషన్ మాస్టర్) పలకడం లేదు.” ఏడింటి కిందా మా వాళ్ల సంతకాలే: “పరీక్షించడమైనది, బాగున్నది.” ఆ సంతకాల్లో రెండు నావి.

మొదట చేసినవి

మామూలుగా ఎవరైనా చేసేదే చేశాం. మధ్య గేటు ఫోను మార్చాం, కొత్త సెల్లులు వేశాం, స్టేషన్ గంట విప్పి తుడిచి సరిచేశాం. ఒకే గేటు నుంచి ఫిర్యాదులు వస్తున్నప్పుడు తప్పు ఆ గేటులోనే ఉంటుందనుకోవడం సహజం. పదకొండు రోజులకు ఎనిమిదో ఫిర్యాదు వచ్చింది.

ఇక కేబుల్ పట్టాం. తప్పు వస్తూ పోతూ ఉంటే టెలికాం మనిషి మనసు నేరుగా తడి జాయింటు మీదికి వెళ్తుంది. వర్షం పడితే లీకవుతుంది, ఎండితే మామూలవుతుంది, పరీక్షకు వెళ్లిన రోజు ఏమీ కనపడదు. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూస్తే మొదటి గేటుకూ మధ్య గేటుకూ మధ్య ఇన్సులేషన్ నిజంగానే తక్కువగా ఉంది. ముక్కలు ముక్కలుగా విడదీసి వెతికితే ఒక కల్వర్టు పక్కన పాత జాయింటు దొరికింది. విప్పితే లోపల పచ్చగా చిలుం, తీగల మధ్య తడి మట్టి. రెండు రోజులు కూర్చుని జాయింటు కొత్తగా వేశాం. ఇన్సులేషన్ పెరిగింది, మాట స్పష్టమైంది. కేసు ముగిసిందని రిపోర్టు రాసి పంపాను.

ఆ రిపోర్టు ఈ కేసులో నా వల్ల జరిగిన పెద్ద పొరపాటు. దొరికింది నిజమైన లోపమే. కాని నేను వెతుకుతున్న లోపం అదేనని రుజువు చేసుకోలేదు. తడి జాయింటే కారణమైతే ఫిర్యాదులన్నీ వాన రోజుల్లో రావాలి. ఎనిమిది తేదీలు నా ముందే ఉన్నాయి. వాటిని వాన రోజులతో పోల్చి చూడడానికి పది నిమిషాలు చాలు. చూడలేదు. చేతికి ఒక తప్పు దొరికిన సంతోషంలో ఆ పని తోచనే లేదు.

పద్దెనిమిది రోజులు ఫిర్యాదు లేదు. పంతొమ్మిదో రోజు, మబ్బు తునక కూడా లేని సాయంత్రం, మళ్లీ వచ్చింది.

ఈసారి పై నుంచి వచ్చిన మాట వేరు. కుర్రాడు నిద్రపోయి సాకు చెబుతున్నాడేమో, అతన్ని ఆ గేటు నుంచి మార్చండి అన్నారు. మార్చారు. కొత్తగా వచ్చిన గేట్‌మ్యాన్ రెండో వారంలోనే అదే ఫిర్యాదు రాశాడు. మార్పు వల్ల ఒక మేలు మాత్రం జరిగింది. మనిషి మీది అనుమానం తొలగిపోయింది. కానీ బండిని ఆపిన కుర్రాడికి అది శిక్షలాగే తగిలింది. ఆ సంగతి నన్ను చాలాకాలం బాధపెట్టింది.

తేదీలు పక్కపక్కన పెట్టాక

పది ఫిర్యాదుల సమయాలు ఒక కాగితం మీద రాసి, పక్కనే స్టేషన్ ట్రైన్ రిజిస్టర్‌లోని సమయాలు రాశాను. వానకూ వాటికీ ఏ సంబంధమూ లేదు. రైలుకు మాత్రం ఉంది. ఒక్కటి మినహా అన్నీ ఏదో ఒక బండి సెక్షన్‌లోకి వచ్చే ముందు, వెళ్లిన వెంటనే, ఆ పదిహేను నిమిషాల లోపల జరిగినవే. మా వాళ్లు పరీక్షకు వెళ్లేది ఎప్పుడు? పొద్దున, బండ్లు లేని ఖాళీ సమయంలో. గేట్‌మ్యాన్‌ను ఇబ్బంది పెట్టకూడదని అలా వెళ్లేవాళ్లం. ఆ మర్యాదే తప్పును మా కళ్లకు కనపడకుండా దాచింది.

రైలుకూ ఫోనుకూ లంకె ఏమిటి? మొదట కరెంటు లైను మీద అనుమానం కలిగింది. 25 కిలోవోల్టుల ఓవర్‌హెడ్ తీగలో ఇంజను కరెంటు లాగుతున్నప్పుడు పక్కనున్న కేబుల్‌లో వోల్టేజి పుడుతుంది. కానీ అలాగైతే ఫోనులో గుయ్యిమనే చప్పుడు రావాలి, ఇంజను ఆ సెక్షన్‌లో ఉన్నప్పుడే రావాలి. కొన్ని ఫిర్యాదులు బండి ఇంకా అవతలి స్టేషన్‌లో ఉండగానే వచ్చాయి. ఆ ఆలోచన పక్కన పెట్టేశాను.

ఇక మిగిలింది అక్కడికి వెళ్లి కూర్చోవడమే. మధ్య గేటు గుమ్టీలో వరసగా రెండు రాత్రులు కూర్చున్నాను. మొదటి రాత్రి ఏమీ జరగలేదు. రెండో రాత్రి తొమ్మిదిన్నరకు స్టేషన్ నుంచి రెండు గంటలు మోగాయి. గేట్‌మ్యాన్ మాట్లాడాడు, గేటు మూశాడు, నంబర్ ఇచ్చాడు. అతను బయటికి వెళ్లగానే నేను రిసీవర్ పెట్టి ఉండగానే హ్యాండిల్ తిప్పాను. అటు నుంచి పలుకు లేదు. ఇంకోసారి తిప్పి, రిసీవర్ ఎత్తి చెవికి పెట్టుకున్నాను.

వాన చప్పుడు వినిపించింది. రేకుల మీద జోరుగా కురుస్తున్న వాన. మా గుమ్టీకి రేకులు లేవు, స్లాబు. బయట నేల పొడిగా ఉంది, ఆకాశంలో చుక్కలున్నాయి. కాసేపు నాకేమీ అర్థం కాలేదు. తర్వాత ఆ వాన వెనకాల ఇనుప వించి కిర్రుమని తిరుగుతున్న శబ్దం వచ్చింది. ఎవరో గేటు మూస్తున్నారు. మూడు గేట్లలో రేకుల కప్పు ఉన్నది మొదటి గేటుకు. అక్కడ వాన పడుతోంది. అక్కడి రిసీవర్ ఎత్తి ఉంది, మైకు బతికే ఉంది, మనిషి లేడు.

ఏం జరుగుతోంది

మర్నాడు ప్రయోగం చేశాం. స్టేషన్‌లో నేను, మొదటి గేటులో మెయింటెయినర్, మధ్యా చివరా ఇద్దరు హెల్పర్లు, చేతుల్లో వాకీటాకీలు. అన్ని రిసీవర్లూ పెట్టి ఉండగా మధ్య గేటు నుంచి తిప్పిస్తే స్టేషన్ గంట గణగణ మోగింది. మొదటి గేటు రిసీవర్ ఎత్తించి మళ్లీ తిప్పించాను. గంట నాలుక వణికింది, లోహానికి తగిలీ తగలనట్టు ‘టిక్’ మంది. పక్కన కంట్రోల్ ఆఫీసు ఫోను మాట్లాడుతుంటే అది ఎవరికీ వినపడదు. చివరి గేటు రిసీవర్ కూడా ఎత్తిస్తే ఆ టిక్కూ లేదు.

కారణం చిన్నది. మాగ్నెటో ఫోను రిసీవర్ పెట్టి ఉన్నప్పుడు లైను మీద గంట చుట్ట మాత్రమే ఉంటుంది. దాని నిరోధం వెయ్యి ఓమ్‌ల పైమాటే. రిసీవర్ ఎత్తగానే మాట సర్క్యూటు లైనుకు అడ్డంగా పడుతుంది. గంటకు వాడే సెకనుకు 17 సార్లు ఊగే నెమ్మది కరెంటుకు అది దాదాపు దగ్గరిదారి. మధ్య గేటులో ఎంత తిప్పినా ఆ కరెంటు మొదటి గేటు దగ్గరే అడ్డదారిలో ఇంకిపోతుంది, స్టేషన్ దాకా మిగలదు. మాటకు మాత్రం ఆటంకం ఉండదు. అందుకే స్టేషన్ మాస్టర్ తనంతట తాను ఎత్తితే అంతా బాగానే వినిపిస్తుంది.

అప్పుడు మెయింటెయినర్ ఒక మాటన్నాడు: “సార్, మొదటి గేటు సెల్లులు ఎప్పుడూ సగం రోజులకే అయిపోతాయి. నాసిరకం సెల్లులనుకున్నాను.” రిసీవర్ ఎత్తి ఉన్నంతసేపూ మైకు సెల్లుల్ని తాగుతూనే ఉంటుంది. స్టోరు పుస్తకంలో ఆ గేటు వాడకం ఏడాదిగా రెట్టింపుగా కనిపిస్తూనే ఉంది. ఆ పుస్తకం నెలనెలా నా బల్ల మీదికే వచ్చేది.

రిసీవర్ ఎందుకు ఎత్తి ఉంటోంది? మొదటి గేటులో సీనియర్ గేట్‌మ్యాన్ ఉన్నాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. నేను గద్దించడానికి వెళ్లలేదు, అడగడానికే వెళ్లాను. ఆయన దాచలేదు.

“వేరే గేట్లతో ఎస్‌ఎం గారు మాట్లాడుతుంటే వింటాను సార్. బండి ఎక్కడుందో తెలుస్తుంది. లేకపోతే నాకు చెప్పేది ఆఖరి నిమిషంలో. అప్పటికి గేటు మీద యాభై బళ్లు. మూయనివ్వరు, తిడతారు, ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నారు.”

“విన్నాక పెట్టెయ్యొచ్చు కదా పెద్దాయనా?”

“విన్న వెంటనే గేటు దగ్గరికి పరిగెత్తాలి కదా సార్. వించి తిప్పడానికి రెండు చేతులూ కావాలి.”

అంతా అక్కడే ఉంది. బండి వస్తోందని వినగానే రిసీవర్ బల్ల మీద పడేసి బయటికి వెళ్తాడు. గేటు మూసి, తిరిగొచ్చి, నంబర్ ఇచ్చి, మళ్లీ బల్ల మీదే పెట్టి బండికి పచ్చ దీపం చూపిస్తాడు. లోపలికి వచ్చి రిసీవర్ యథాస్థానంలో పెట్టేసరికి బండి వెళ్లిపోయి ఉంటుంది. అంటే ఆ సెక్షన్‌లో ఆపదకు అవకాశమున్న పదిహేను నిమిషాలు ఏవో, సరిగ్గా ఆ పదిహేను నిమిషాలే పక్క గేట్ల పిలుపు చచ్చిపడి ఉంటోంది. చివరి గేటులోనూ అదే అలవాటు. మధ్య గేటు రెంటికీ నడుమ ఉంది గనుక ఫిర్యాదులు అక్కడి నుంచే వచ్చాయి.

నిషేధం ఎందుకు నిలవలేదు

అందరికీ తోచే పరిష్కారమే ముందు వచ్చింది. పిలుపు లేనిదే రిసీవర్ ఎత్తరాదు, ఎత్తితే చర్య అని నోటీసు ఇచ్చి, అందరిచేతా సంతకాలు పెట్టించారు. నేను వద్దనలేదు. మూడు వారాలు బాగుంది. నాలుగో వారం ఒక సాయంత్రం చెప్పకుండా వెళ్లి చూస్తే రిసీవర్ మళ్లీ బల్ల మీదే ఉంది. ఈసారి పైన తువ్వాలు కప్పి ఉంది.

ఆ తువ్వాలు చూశాక నా ఆలోచన మారింది. ఆయన వింటున్నది కాలక్షేపానికి కాదు, తన గేటు సురక్షితంగా మూయడానికి. మేం ఆపమన్నది ఆయన దృష్టిలో భద్రతనే. ఆ సమాచారం ఆయనకు మరో దారిలో అందనంతకాలం ఏ నోటీసూ నిలవదు. నోటీసు వల్ల అలవాటు పోకుండా దాక్కుంటుంది, అప్పుడు మాకూ కనపడదు.

అందుకే ప్రశ్న మార్చుకున్నాను. ఎవరూ వినకుండా చేయడం ఎలా అన్నది వదిలేసి, ఎవరు విన్నా గంట మోగేలా చేయడం ఎలా అని ఆలోచించాను.

పనిచేసినవి

ఈ ఇబ్బంది కొత్తదేమీ కాదు. నూరేళ్ల కిందట అమెరికా పల్లెల్లో ఒకే తీగ మీద పది పదిహేను ఇళ్ల ఫోన్లుండేవి. ఒకరికి ఫోనొస్తే మిగతావాళ్లు ఎత్తి వినేవాళ్లు, అలా ఎత్తడం వల్ల గంటలు మోగేవి కావు. అప్పటి ఫోను తయారీదారులు జనాన్ని మార్చాలని చూడలేదు. రిసీవర్ సర్క్యూటులో ఒక కెపాసిటర్ పెట్టారు. మేమూ అదే చేశాం. 2 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ వరసలో పెడితే 17 సైకిళ్ల గంట కరెంటుకు సుమారు 4,700 ఓమ్‌ల అడ్డంకి అవుతుంది, వెయ్యి సైకిళ్ల మాటకు 80 ఓమ్‌లే. గంట కరెంటు ఇంకిపోదు, మాట ఆగదు. పై అధికారి అనుమతి తీసుకుని, ఒక గేటులో వారం రోజులు చూసి, తర్వాత మూడింటికీ పెట్టాం. రెండు రిసీవర్లు ఎత్తి ఉంచి మధ్య గేటు నుంచి తిప్పిస్తే స్టేషన్ గంట గట్టిగా మోగింది. ఆ చప్పుడు విన్నప్పటి తేలికదనం నాకింకా గుర్తుంది.

కానీ దాన్ని తాత్కాలికమనే అనుకున్నాను. ఒక జత తీగ మీద మూడు గేట్ల ప్రాణాలు పెట్టడం మొదటి నుంచీ తప్పే. ఎక్కడ తెగినా మూడూ పోతాయి. కేబుల్‌లో ఆరు క్వాడ్‌లంటే పన్నెండు జతలు. విచారిస్తే వాటిలో ఖాళీ జతలున్నాయి. గేటుకో జతను ఆపద పిలుపుకే కేటాయించమని రాశాను. గుమ్టీ తలుపు పక్కన ఎర్ర బటన్ ఉంటుంది. నొక్కగానే స్టేషన్ మాస్టర్ బల్ల మీద ఆ గేటు దీపం వెలిగి బజర్ మోగుతుంది. మాస్టర్ ఆపేదాకా అది ఆగదు. బటన్ తలుపు పక్కన ఎందుకంటే, ఆ రాత్రి కుర్రాడు గుమ్టీ లోపలి మూలకు వెళ్లి, నిలబడి, పలుకు కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. బటన్ అయితే నొక్కి పరిగెత్తొచ్చు. గంట మోగిందో లేదో ఎదురుచూడనక్కర్లేదు గనుక ఎర్ర దీపం, డిటొనేటర్ల పని వెంటనే మొదలవుతుంది. ఫోను చేసి ఊరుకోవచ్చని ఎవరూ అనుకోకూడదు. బటన్ నొక్కినా పరుగు తప్పదని గేట్‌మ్యాన్లందరికీ విడివిడిగా చెప్పాం.

మూడోది తీగతో పని లేనిది. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. స్టేషన్ మాస్టర్లను కూర్చోబెట్టి పెద్దాయన మాట చెప్పాను. అవతలి స్టేషన్ నుంచి బండి బయల్దేరినట్టు తెలియగానే మూడు గేట్లకూ కలిపి గంట కొట్టి “బండి వస్తోంది, సిద్ధంగా ఉండండి” అని ముందు మాట చెప్పడానికి వాళ్లు ఒప్పుకున్నారు. ఇది గేటు మూయమన్న ఆజ్ఞ కాదు, దీనికి ప్రైవేట్ నంబర్ లేదు. అసలు పిలుపు తర్వాత విడిగా వస్తుంది. రెండూ కలిసిపోకుండా జాగ్రత్తపడాలని ఒక మాస్టరు పట్టుబట్టాడు, అది న్యాయమే. అందుకే ముందు మాటకు గంట వేరుగా పెట్టుకున్నాం. రెండు నెలలకు మొదటి గేటు సెల్లుల వాడకం మిగతా గేట్లతో సమానమైంది. వినే అలవాటు పోయిందనడానికి నాకు అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇందులోంచి నేను తీసుకున్నది

పరీక్ష విధానం మార్చాం. గేటు నుంచి స్టేషన్‌కు, బండి సెక్షన్‌లో ఉన్నప్పుడు, పగలొకసారి రాత్రొకసారి గేట్‌మ్యానే పరీక్షిస్తాడు. నెలకోసారి మెయింటెయినర్ మిగతా గేట్ల రిసీవర్లు కావాలని ఎత్తించి పరీక్షిస్తాడు. “బాగున్నది” అని రాయడం ఆపించాను. ఎటు నుంచి ఎటు, ఎన్ని గంటలకు, ఏ బండి ఉండగా అన్నది రాయాలి.

ఫోను ఉండడం వేరు, ఆపద సమయానికి అది ఉపయోగపడడం వేరు అని చెప్పడానికి 1968 జనవరి 6 నాటి హిక్సన్ ప్రమాదం కూడా చెబుతుంటాను. ఇంగ్లండ్‌లో 120 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్ మోస్తున్న భారీ వాహనం నడకకంటే నెమ్మదిగా ఆటోమేటిక్ క్రాసింగ్ దాటుతోంది. దీపాలు వెలిగిన 24 సెకన్లకు రైలు అక్కడికి వచ్చేస్తుంది. సిగ్నల్‌మ్యాన్‌తో మాట్లాడే ఫోను పక్కనే ఉంది, ముందుగా ఫోను చేయమన్న బోర్డూ ఉంది. ఎవరూ చేయలేదు. పదకొండు మంది పోయారు. అక్కడ తీగ బాగుంది, మనిషి దాకా సూచన చేరలేదు. మా దగ్గర మనిషి చేయాల్సింది చేశాడు, తీగ మోయలేదు. రెండుచోట్లా పరికరం ఉందన్న ధీమా ఒకటే.

2025 జూలై 8న తమిళనాడు కడలూరు దగ్గర సెమ్మంకుప్పంలో, ఇంటర్‌లాక్ లేని గేటు దగ్గర స్కూలు వ్యానును రైలు గుద్దింది. పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత గేట్ల సంభాషణల రికార్డింగులు రోజూ పరిశీలించాలని, గేట్లకు సీసీటీవీలు పెట్టాలని రైల్వే మంత్రి ఆదేశించారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ఈ మూడు గేట్లే గుర్తొచ్చాయి. మాకు అప్పట్లో ఆ రికార్డింగు ఉంటే ఏడు ఫిర్యాదులు రెండో ఫిర్యాదు దగ్గరే ఆగేవి. ఎంత రికార్డు చేసినా, వినేవాడు మాట మధ్యలోని నిశ్శబ్దాన్ని కూడా వినాలి. పలకని గంట ఏ రికార్డరులోనూ శబ్దంగా పడదు. హ్యాండిల్ తిప్పిన ఆనవాలు పడుతుంది, దాని తర్వాత మాట ఉండదు. వెతకాల్సింది ఆ ఖాళీనే.

మార్పించిన కుర్రాడి సంగతి చెప్పలేదు. కారణం తేలాక నేను రాతపూర్వకంగా నివేదిక ఇచ్చాను: ఆ రాత్రి పిలుపు వెళ్లకపోవడానికి గేట్‌మ్యాన్ బాధ్యుడు కాదు, తొలి నివేదికలో నేను రాసిన కారణం తప్పు. అతన్ని అదే గేటుకు తిరిగి వేశారు. ఎర్ర బటన్ బిగించిన రోజు మొదటి పరీక్ష అతనిచేతే చేయించాను. అప్పుడు గూడ్సు బండి సెక్షన్‌లో ఉంది, మొదటి గేటు రిసీవర్ బల్ల మీద ఉంది, పెద్దాయన బయట వించి తిప్పుతున్నాడు. స్టేషన్‌లో బజర్ మోగిన సమయం రిజిస్టర్‌లో రాసి, కింద ఇద్దరం సంతకాలు పెట్టాం.